మౌనవ్రతంలో ఫుట్‌బాల్

శ్రీరామచంద్రా, నీకు కోటి దండాలు. మనిషికి నోరిచ్చావు, ఆ నోటితో పలకడానికి నీ పేరిచ్చావు. నోరు మూసుకున్నవాళ్ళ మాట కూడా వినగలిగిన చెవులు నీవే. మగ్గాల చప్పుడులో ఎంత మెల్లగా పిలిచినా నీకు వినబడుతుందని మా నాన్న చెప్పేవాడు, నేను నమ్ముతాను. నీ దయతో మా అత్త సంగతి చెప్పబోతున్నాను. ఇందులో తప్పులుంటే నావి. నవ్వొస్తే అది ఆమెది. మంచి ఏదైనా ఉంటే నీది.

మా అత్తకు డెబ్బై రెండేళ్ళు. కరీంనగర్ వైపు నుంచి పెళ్ళయిన కొత్తలోనే మామతో సూరత్ వచ్చేసింది. గుజరాతీ రాదు, హిందీ సగం వచ్చు. అయినా మా కోసాడ్ కాలనీలో ఆమెతో మాట్లాడనివాళ్ళు లేరు. కూరగాయల బండివాడితో తెలుగులో బేరం చేస్తుంది, అతను గుజరాతీలో ఒప్పుకుంటాడు. పక్కింటి ఒడియా ఆమెకు చింతకాయ తొక్కు ఎలా నూరాలో మొత్తం తెలుగులోనే నేర్పింది. మేముండేది మూడో అంతస్తు. కింద మెట్ల దగ్గర ఆమె మాట మొదలుపెడితే మా ఇంట్లో కుక్కర్ విజిల్ వినబడదు.

ఇంత మాట్లాడే మనిషి చేసే ఒకే ఒక్క నిశ్శబ్దమైన పని రామకోటి రాయడం. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. రామకోటి పుస్తకంలో పేజీ నిండా చిన్న చిన్న గళ్ళుంటాయి. ఒక్కో గడిలో ఒక్కసారి శ్రీరామ అని రాయాలి. అలా పుస్తకాల మీద పుస్తకాలు రాసి కోటి పూర్తిచేసి, భద్రాచలంలో స్వామికి సమర్పించాలి. మా ఇంట్లో దాన్ని మొదలుపెట్టింది మామ. మగ్గాల పాళీ, అంటే షిఫ్టు, దిగి వచ్చాక స్నానం చేసి రోజూ రెండు పేజీలు రాసేవాడు. సగం కాకుండానే మంచం పట్టాడు. అత్తకు చదువు లేదు. ఆ చివరి నెలల్లో మామ ఆమె చేయి పట్టుకుని శ్రీ, రా, మ అనే మూడు అక్షరాలు దిద్దించాడు. ఆయన పోయాక మిగిలినదంతా ఆ మూడు అక్షరాలతోనే ఆమె రాస్తూ వచ్చింది, తొమ్మిదేళ్ళు.

ఈ ఏడాది ఆఖరి పుస్తకానికి వచ్చింది. శ్రీరామనవమికి మా భజన మండలి ఆడవాళ్ళు భద్రాచలం బయలుదేరుతున్నారు. అత్తకు కూడా బెర్తు తీశాం. ఆమె ఎప్పుడూ భద్రాచలం చూడలేదు. కోటి అయ్యాక ఇద్దరం పోదామని మామ అనేవాడట. ఇప్పుడు ఆమెకు ఉన్న కోరిక ఒక్కటే. ఆఖరి పుస్తకం తన చేతులతో తీసుకెళ్ళి స్వామి పాదాల దగ్గర పెట్టాలి.

దీనికి అడ్డం వచ్చింది ఆమె నోరే.

మా మండలి శనివారం శనివారం మనవాళ్ళ గుడి వసారాలో కూర్చుంటుంది. మా నాన్న ఊళ్ళో భజన గురువు. ఆయన నేర్పిన చదువు వల్ల పురాణం చదివి అర్థం చెప్పే పని నాకు వచ్చింది. మండలిలో అందరికన్నా పెద్ద ఆమెను మేమంతా పెద్దమ్మ అంటాం. మా అత్త మాత్రం అక్కా అంటుంది. ఆ ఇద్దరూ ఒకరినొకరు ఏదో ఒకటి అనుకోకుండా హారతి పూర్తయిన రోజు నాకు గుర్తులేదు. ఒక శనివారం పెద్దమ్మ తాళాలు పక్కన పెట్టి మొదలుపెట్టింది.

"ఏమే చెల్లే, కోటి అయితాందట గదా. రాసేటప్పుడు మాట్లాడొద్దని బుక్కు మొదటి పేజీలనే ఉన్నది. నువ్వు ఒక్కో రామునికి ఎన్ని ముచ్చట్లు కలిపినవో ఆయనకే ఎరుక."

"నేను చేతితోని రాస్త, నోటితోని మాట్లాడ్త. గవి రెండు వేరే ఖాతాలు."

"గా ఆఖరి బుక్కన్న జర నోరు మూస్కొని రాయరాదే."

"మూస్కుంట! ఒక్క దినం గాదు, మండలం మూస్కుంట. నలభై ఒక్క దినాలు రాముని పేరు తప్ప ఒక్క మాట మాట్లాడితె నేను బండే ఎక్క. బుక్కు నువ్వే తీస్కపో, నువ్వే పెట్టు స్వామి కాడ!"

అక్కడ భజన నడిపించే గురువుగారు హార్మోనియం మూసి, అత్త వైపు తిరిగి, "అక్కా, గుడిల అన్నవ్. యాదిపెట్టుకో" అన్నాడు. ఆయన ఒకప్పుడు మగ్గాల దగ్గర మేస్త్రీ. పోగు తెగితే మగ్గం ఆపాల్సిందేనని నమ్మే మనిషి.

మర్నాడు పొద్దున్నుంచి అత్త నోరు మూతపడింది. పాండేసరలోని రంగుల మిల్లులో పనిచేసే మా ఆయన సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూనే ఆగిపోయాడు. "అమ్మకు జరమా?" అన్నాడు. రెండు రోజుల్లో కింది అంతస్తువాళ్ళు కూడా వచ్చి పరామర్శించి వెళ్ళారు.

పలకడానికి అనుమతి ఉన్నది రాముని పేరొక్కటే కాబట్టి అత్త సంసారమంతా దానితోనే నడిపింది. పాలు పొంగుతుంటే గట్టిగా "రామా!" కూరలో ఉప్పు ఎక్కువైతే దీర్ఘంగా "రామ... రామ." నా బిడ్డ స్కూలు నుంచి ఆలస్యంగా వస్తే గడప దగ్గర నిలబడి, నడుం మీద చేతులు పెట్టి, "రామ?" ఇది దైవస్మరణా, నన్ను తిట్టడమా అని నాకు అనుమానం వచ్చేది. పేరు ఏ గొంతుతో పలికినా ఫలం ఉంటుందని నాకు నేనే చెప్పుకుని ఊరుకునేదాన్ని.

అలా ఇరవై రోజులు దాటాక ఇంట్లోకి ఫుట్‌బాల్ వచ్చింది.

నా బిడ్డకు పద్నాలుగేళ్ళు. గుజరాతీ మీడియంలో చదువుతుంది, స్కూలు ఫుట్‌బాల్ టీములో వెనక నిలబడి ఆడుతుంది. ఎక్కడో సముద్రాల అవతల దేశదేశాల ఆడవాళ్ళ టీములకు పెద్ద పోటీలు మొదలయ్యాయనీ, మన దేశం పిల్లలు కూడా వెళ్ళారనీ చెప్పింది. మనకు మధ్యాహ్నం పూట టీవీలో వస్తుందట.

"మమ్మీ, ఆదివారం డుమస్ వద్దు. బీచ్ ఎక్కడికీ పోదు. మ్యాచ్ చూద్దాం, ప్లీజ్ యార్."

"నన్ను యార్ అంటవా?"

"అయితే ప్లీజ్ అమ్మా."

డుమస్‌లో తినాల్సిన టమాటా భజియాలు ఇంట్లోనే వేయడానికి ఒప్పుకుని టీవీకి సరేనన్నాను. అప్పుడు నాకు తట్టని సంగతి ఒకటుంది. రామకోటి తూర్పు ముఖంగా కూర్చుని రాయాలి. మా ఇంట్లో స్విచ్‌బోర్డు ఉన్నది తూర్పు గోడకే. కాబట్టి టీవీ కూడా ఆ గోడకే. అత్త రోజూ స్నానం చేసి, పీట వేసుకుని, నియమం తప్పకుండా సరిగ్గా టీవీకి ఎదురుగా కూర్చునేది. టీవీ ఆపి ఉన్నంతకాలం అది గోడే.

మొదటి ఆట రోజు అత్త తలెత్తకుండా రాసింది. కాసేపటికి ఆమె కలం ఆగింది. నిక్కర్లు వేసుకుని పరుగెత్తుతున్న పిల్లల్ని చూసి ఏమంటుందోనని నాకు గుబులైంది. ఆమె తెరమీది పిల్లల మోకాళ్ళను చూపించింది, తర్వాత తన మోకాళ్ళను చూపించుకుని, వాళ్ళకో దండం పెట్టింది. తర్వాత వాళ్ళ నీలం చొక్కా వైపు చూస్తూ బొటనవేలూ చూపుడువేలూ రాసి చూపించింది. ఏం బట్ట అని అడుగుతోందన్నమాట.

"పాలిస్టర్, బాపమ్మా" అంది నా బిడ్డ. మా వైపు నాన్నమ్మను బాపమ్మ అంటారు.

"రామ!" అంది అత్త గొప్పగా. పాలిస్టర్ నేసి బతికే ఊళ్ళో ఇంతకన్నా పెద్ద ఆశీర్వాదం లేదు.

ఆ రోజు నుంచి నా బిడ్డ ఆమెకు గురువైంది. కార్నర్ అంటే ఏమిటి, పసుపు కార్డు ఎందుకు చూపిస్తారు, గోల్‌కీపర్ ఒక్కతే చేత్తో ఎందుకు పట్టుకోవచ్చు, అన్నీ చెప్పింది. "మమ్మీ, బాపమ్మ లైఫ్‌ల ఫస్ట్ టైమ్ నా మాట మొత్తం విన్నది. ఈ వ్రతం ప్రతి ఏడాది పెట్టు" అని నన్ను అడిగింది కూడా.

మొదటి ఆట చివరి నిమిషాల్లో చేజారిపోయింది. రెండో ఆట గురించి అడక్కండి. మూడోది గెలవాలి, లేకపోతే పిల్లలు ఇంటికి రావడమే. ఆ మధ్యాహ్నం నేను చీరల గుట్ట ముందు కూర్చుని పోగులు కత్తిరిస్తున్నాను. ఎంబ్రాయిడరీ చీరల వెనక మిగిలే దారాలు కత్తిరించి ఇవ్వడం మా కాలనీ ఆడవాళ్ళ ఇంటి పని. నా బిడ్డ టీవీకి మూరెడు దూరంలో ఉంది. అత్త పీట మీద, ఒళ్ళో పుస్తకం, చేతిలో కలం, నోట్లో కొంగు. కొంగు ఎందుకని నా బిడ్డ అడిగితే వేలితో పెద్దమ్మ బ్లాకు వైపు చూపించింది. మాట జారితే బండి ఎక్కేది లేదని ఆమెకు ఒక్క క్షణం కూడా మరుపు లేదు.

ఆట సగం అయ్యాక మనవాళ్ళు ఒక గోల్ కొట్టారు. నా బిడ్డ గాల్లోకి ఎగిరింది. నేను కత్తెర వదిలేశాను. అత్త నోట్లోంచి కొంగు జారిపోయింది, నోరు పెద్దగా తెరుచుకుంది. మేమిద్దరం గోల్ సంగతి మరిచి ఆమె నోటివైపే చూస్తూ ఉండిపోయాం.

"రా..." అంది. ఊపిరి పీల్చుకుంది. "...మా!"

అమ్మయ్య అనుకున్నాం. పొయ్యి మీద ఆ రోజు కూడా వేసిన భజియాలు మాడిపోయాయి గానీ ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత ఆట మన చేతుల్లోంచి వెళ్ళిపోయింది. విజిల్ వేసేసరికి మన పిల్లలు కొందరు గడ్డిమీద బోర్లా పడుకున్నారు. ఒకమ్మాయి ముఖం చొక్కాలో దాచుకుంది. అత్త తల వంచుకుని పుస్తకంలో ఏదో రాసుకుంటూ ఉండిపోయింది. వ్రతం నిలబడింది, అది చాలని నేను చీరల దగ్గరికి పోయాను.

మర్నాడు ఆమె పీట వేసుకోలేదు. ఆ మర్నాడు కూడా వేసుకోలేదు. ఓటమికి ఇంత బాధపడుతోందా అనుకున్నాను. మూడో రోజు పొద్దున ఆమె నా దగ్గరికి వచ్చి, పుస్తకం తెరిచి నా ఒళ్ళో పెట్టి, చేతులు జోడించింది.

పేజీ అంతా శ్రీరామ, శ్రీరామ, శ్రీరామ. నాలుగో వరస మధ్యలో, గడి దాటకుండా, నీటుగా, "కొట్టు." మళ్ళీ మూడు రాముళ్ళు. తర్వాత "ఉరుకు." పక్కనే ఇంకో "ఉరుకు." కింది వరసలో "ఇయ్యి", "అడ్డం పో", మళ్ళీ "కొట్టు." ఇంకా కిందికి వెళితే "లే బిడ్డ." పేజీలో ఆఖరి గడిలో "ఏడ్వకు."

నేను నా బిడ్డను పిలిచాను. "ఏందే ఇది? రామకోటిల ఎవరన్న ఇట్ల రాస్తరా?"

"నేను కాదు మమ్మీ! సచ్చీ! నా తెలుగు అక్షరాలు ఇంత మంచిగ ఎప్పుడున్నయ్?"

అది నిజం. నా బిడ్డ తెలుగు అక్షరాలు కాళ్ళు విరిగిన కుర్చీల్లా ఉంటాయి. మా ఇంట్లో ఇంకెవరికీ తెలుగు రాయడం... అని అనుకుంటూ తలెత్తి చూశాను. అత్త తన గుండె మీద చేయి పెట్టుకుని నిలబడి ఉంది.

మూడేళ్ళుగా సాయంత్రాలు నేను నా బిడ్డకు పలక మీద తెలుగు నేర్పుతున్నాను. అప్పుడు కూడా అత్త పక్కనే కూర్చుని రామకోటి రాసేది. ఆమె మా వైపు చూస్తోందని కూడా నేనెప్పుడూ అనుకోలేదు. బిడ్డకు రాని గుణింతాలన్నీ ఆమెకు వచ్చేశాయి. ఇరవై ఏళ్ళుగా పురాణం చదివి జనానికి అర్థం చెబుతున్నాను. నా ఇంట్లో ఒకరు చదువు నేర్చుకుంటే నాకు అర్థం కాలేదు. మూడు అక్షరాలు దాటి ఆమె జీవితంలో మొదటిసారి రాసిన సొంత మాట "కొట్టు."

నేను సంతోషించాలో బెంగపడాలో తేలక ముందే అత్త సైగలు మొదలుపెట్టింది. నోటిమీద వేలు పెట్టి, అది మూసే ఉందన్నట్టు తల ఊపింది. తర్వాత కలం చూపించి చేత్తో నుదురు కొట్టుకుంది. నోరు ఆగింది గానీ మాట చేతిలోంచి బయటికి వచ్చేసింది, వ్రతం పోయిందని ఆమె లెక్క. క్యాలెండర్ వెనక పెట్టిన రైలు టికెట్టు తీసి పుస్తకంలో పెట్టింది. ఆ పుస్తకాన్ని పెద్దమ్మ బ్లాకు వైపు చూపించి, ఇచ్చెయ్యమంది.

"అత్తా, రాయుడు మాట్లాడుడు కాదు. నువ్వు పో" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. కోడలు చెప్పిన తీర్పు చెల్లదన్నట్టు. అది న్యాయమే. సొంత ఇంటి ధర్మసందేహం మీరే తేల్చుకోవద్దు, పదిమంది ముందు పెట్టండి అని మా నాన్న అనేవాడు. శనివారం పుస్తకం గుడికి తీసుకెళ్ళాను.

హారతి అయ్యాక సంగతి చెప్పి పేజీ చూపించాను. పుస్తకం పన్నెండుమంది చేతులూ తిరిగి పెద్దమ్మ దగ్గర ఆగింది. ఆమె కళ్ళజోడు సవరించుకుంది.

"స్వామి పాదాల కాడ కొట్టు అని రాసి పెడ్తరా ఎవలన్న? ఏం కొట్టాల్నట ఆయన?"

"వైట్నర్ పెడదాం పెద్దమ్మా, కనవడది" అంది ఒకామె.

"రాముని పక్కన వైట్నరా? ఆయన గిన సున్నమేసిన గోడా?"

"పేజీ చింపితే?"

"చింపితే గా పేజీల ఉన్న మంచి రాముళ్ళ సంగతేంది?"

"గా గళ్ళ మీద చిన్న చిన్న రాముని స్టిక్కర్లు..."

"ఊకోండే!"

అత్త స్తంభానికి ఆనుకుని తల వంచుకుని కూర్చుంది. మౌనంలో కూడా పెద్దమ్మ మాటకు ఒక్క రామా అయినా విసరకుండా ఆమె ఉండటం నేను అంతకుముందు చూడలేదు. అది చూసి పెద్దమ్మకు కూడా ఎలాగో అయింది. గొంతు తగ్గించి నాతో, "సరే, మొత్తం సదువు బిడ్డా. ఏమేం రాసిందో వినాలె గదా" అంది.

నేను పేజీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. ఆ గుడిలో ఆ చోట కూర్చుని పుస్తకం పట్టుకుంటే నాకు మామూలుగా చదవడం రాదు. నాన్న నేర్పిన రాగం దానంతటదే వచ్చేస్తుంది. "శ్రీరామ... శ్రీరామ..." అని అందుకోగానే మండలి ఆడవాళ్ళు అలవాటు కొద్దీ వంత పాడారు. ఎవరో తాళం వేశారు. గురువుగారి చేతులు హార్మోనియం మీదికి వెళ్ళాయి.

"శ్రీరామ కొట్టు" అన్నాను రాగంలో.

"శ్రీరామ కొట్టు!" అంది మండలి.

"ఉరుకు ఉరుకు శ్రీరామ!"

"ఉరుకు ఉరుకు శ్రీరామ!"

తప్పు చేస్తున్నామని నాకు తెలుస్తూనే ఉంది. కానీ భజన మధ్యలో ఆపితే అది ఇంకో తప్పు. డోలక్ కూడా కలిసింది. "ఇయ్యి ఇయ్యి" అనే చోట వేగం పెరిగింది. గుడి ముందు నుంచి పోతున్న ఒకాయన చెప్పులు విప్పి, రెండు చేతులెత్తి చప్పట్లు కొట్టి, ప్రసాదం తీసుకుని వెళ్ళాడు. నా బిడ్డ నవ్వు ఆపుకోలేక వసారా బయటికి పరుగెత్తింది. పెద్దమ్మ కళ్ళు మూసుకుని అందరికన్నా గట్టిగా పాడుతోంది.

"లే బిడ్డ, శ్రీరామ" అని నేను అన్నప్పుడు వంత కాస్త మెత్తబడింది. ఆఖరి గడికి వచ్చాను.

"ఏడ్వకు."

దాన్ని ఎవరూ తిరిగి పాడలేదు. తాళాలు ఆగిపోయాయి. ఆ పన్నెండుమందిలో ఎవరు ఎవరిని తలుచుకున్నారో నాకు తెలియదు.

పెద్దమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది, తర్వాత కళ్ళు కూడా తుడుచుకుంది. "ఎవలికి చెప్పిందట గా మాట?" అని అడిగింది.

ఆడి ఓడిపోయి గడ్డిమీద పడుకుని ఏడ్చిన పిల్లలకని చెప్పాను.

"మనోళ్ళా?"

"మన దేశం పిల్లలు పెద్దమ్మా."

గురువుగారు గొంతు సవరించుకున్నాడు. "అక్క నోరు కదిలిందా?"

"లేదు" అన్నాను.

"అయితె మౌనం మౌనమే, అది తెగలె. పుస్తకంల గళ్ళు తప్పినయ్, అది నిజం. ఎన్ని?"

నా బిడ్డ లోపలికి వచ్చి, వేలు పెట్టి ఎంచి, ఇరవై మూడని చెప్పింది.

"రాసేటప్పుడు ఎదురుంగ టీవీ పెట్టింది ఎవలు?" అని గురువుగారు నా వైపు చూశాడు. పురాణం చెప్పే మనిషిని, అందరి ముందూ తల దించుకున్నాను. స్విచ్‌బోర్డు మాట నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను.

అప్పుడు పెద్దమ్మ పుస్తకం ఒళ్ళోకి లాక్కుంది. "దీని తప్పు దీనొక్కదాన్ది ఎట్లయితది? ఇప్పుడు మనందరం తాళమేసి పాడినం గదా. గుడిలనే పాడినం. తప్పయితె మండలిది. బుక్కు ఎనుక ఖాళీ పేజీ ఉన్నది. ఒక్కొక్కలు ఒక్కో వరస శ్రీరామ రాయున్రి. నేను మొదలు రాస్త." నా చేతిలోంచి కలం తీసుకుని అత్త వైపు తిరిగింది. "నీ టికెట్టు నువ్వే ఉంచుకో. నీ బుక్కు మోసేటందుకు నాకు బలం లేదు."

గురువుగారు సరేనన్నాడు. ఒక్కొక్కరే రాశారు. నేను కూడా రాశాను. నా బిడ్డ రాసిన వరస మాత్రం మిగతావాటికన్నా ఎక్కువ చోటు పట్టింది.

అందరూ లేవబోతుంటే అత్త చెయ్యి చాపి ఆపింది. ముగ్గు డబ్బాలోంచి సుద్దముక్క తీసుకుని, వసారా బండ మీద వంగి, మెల్లగా రాసింది. చదువు వచ్చినవాళ్ళు రానివాళ్ళకు చదివి వినిపించారు.

"స్వామికి నేనే చెప్త."

"చెప్పు చెప్పు" అంది పెద్దమ్మ. "నలభై ఒక్క దినాల ముచ్చట ఒక్కసారె చెప్తవు. పాపం రాముడు, ఎంతసేపు నిలవడాల్నో!"

మిగిలిన రోజులు అత్త గోడ గోడలాగే ఉన్న ఇంట్లో రాసింది. ఎందుకంటే టీవీని మా ఆయన పడమటి వైపు మార్చి, గది అడ్డంగా పొడవైన వైరు లాగాడు. ఇప్పటికీ అందరం దాన్ని తట్టుకుని పడబోతుంటాం. ఆఖరి గడి నిండిన రోజు ఆమె పుస్తకానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, మామ ఫొటో ముందు కాసేపు ఉంచింది. నలభై రెండో రోజు సూర్యుడు రాగానే ఆమె నోరు తెరుస్తుందని మేమంతా గుమిగూడాం. ఏం మాట్లాడుతుందోనని పక్కింటి ఒడియా ఆమె కూడా వచ్చింది. అత్త మా అందరినీ చూసి, "ఏందే గట్ల చూస్తరు? చాయ్ పెట్టున్రి" అంది. అప్పటినుంచి రైలు కదిలేదాకా ఆగలేదు. కదిలాక కిటికీలోంచి కూడా ఆగలేదు.

నవమి మర్నాడు ఫోన్ వచ్చింది. స్పీకర్ పెట్టాం.

"పెట్టిన బిడ్డా! నా చేతితోనే పెట్టిన. పుస్తకాలు తీసుకునే పిలగాడు జల్ది జల్ది అంటాండు. ఆగు అయ్యా, ఒక పేజీ ఉన్నది చెప్పాలె అన్న. పేజీ తీసి చూపెట్టిన. ఇదేందమ్మా అన్నడు. మూడు మ్యాచులు చెప్పిన."

"మూడూ?" అంది నా బిడ్డ.

"మూడూ. రెండోది జర తక్కువ చెప్పిన. ఎనుక లైనంత ఆగింది. మొదలు కోపం చేసిండ్రు, తర్వాత ఎవలో అడిగిండ్రు, అవ్వా గోల్ కొట్టినంక ఏమైంది అని. ఓడిపోయినం అన్న. అందరు అయ్యో అన్నరు. గా పిలగాడు పుస్తకం కళ్ళకద్దుకొని మల్ల నా చేతికే ఇచ్చిండు. నేను ఆయన ఎంబడి పోయి స్వామి కాడ పెట్టి, మల్ల ఒకసారి చేతితోని ముట్టి దండం పెట్టిన."

"పెద్దమ్మ ఏమన్నది?" అని నేను అడిగాను.

"నీ నోటికి లేదు గని లైన్ల నిలవడి నా కాళ్ళకు బరువైంది అన్నది. గని పక్కన్నే నిలవడ్డది, పోలే."

"స్వామి ఏమన్నడు బాపమ్మా?"

ఫోన్లో అత్త వెనక జనం జై శ్రీరామ్ అంటున్న చప్పుడు వినబడుతోంది.

"ఏమంటడు బిడ్డా? విన్నడు. నేను మీ తాతకు కూడ చెప్పినట్టయింది" అంది.

ఇది చదివిన అక్కలూ అన్నలూ, మీ ఇలవేల్పు ఎవరైనా సరే, ఆ పేరుతో నాతో కలిసి ఒక్క నిమిషం దండం పెట్టండి. తండ్రీ, దేశం చొక్కా వేసుకుని మైదానంలోకి దిగే ఆడపిల్లల కాళ్ళకు బలమివ్వు. వాళ్ళు గెలిస్తే గర్వం రాకుండా చూడు. ఓడి నేలమీద పడితే, వాళ్ళ పేరు కూడా తెలియని ఒక ముసలామె ఎక్కడో వాళ్ళకోసం కలం పట్టుకుని కూర్చుందని వాళ్ళ మనసుకు తెలిసేలా చెయ్యి. వయసు మీద పడ్డాక అక్షరం నేర్చుకునే ప్రతి తల్లికీ ఓ సొంత మాట రాసుకునే తీరిక దొరకనివ్వు. తెలిసి చేసిన తప్పూ, పాడుతూ పాడుతూ తెలియకుండా చేసిన తప్పూ మన్నించు. కలిసి అనండి: శ్రీరామ, శ్రీరామ, శ్రీరామ.